పాత బండి ట్యాంకు

పిట్టలవానిపాలెంలో నిలబడితే సముద్రం కనపడదు గానీ సముద్రపు ఉప్పు సంగతి ఇంటింటికీ తెలుసు. తలుపు గడియ బిగుసుకుపోతుంది. కిటికీ చువ్వ పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. పొలంలో ఆయిలింజను బోల్టు విప్పుదామంటే పానా జారుతుందే తప్ప బోల్టు కదలదు. సూర్యలంక, నిజాంపట్నం వైపు నుంచి వీచే గాలి, పంట కాలవల చెమ్మ, శీతాకాలపు మంచు కలిసే చోట ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఆ చెమ్మలోనే పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు నెగ్గుకొచ్చిన మోటారు సైకిళ్ళు ఇప్పటికీ చందోలు దారిలోనూ, అల్లూరు, ఖాజీపాలెం డొంకల్లోనూ తిరుగుతూనే ఉన్నాయి. ఎరువు కట్టలూ, పాల క్యానులూ, బడి పిల్లలూ అన్నీ వాటి మీదే. ఆ బండ్లు గలవాళ్ళకి ఈమధ్య పెట్రోలు ట్యాంకు బెంగ పట్టుకుంది.

మెకానిక్కు షెడ్డు ముందు బెంచీ మీద మాట ఇట్లా నడుస్తుంటుంది: “ఎన్నిసార్లు మాట్లేయిస్తాం బాబాయ్, ఈ ఇనప ట్యాంకు పీకేసి ప్లాస్టిక్కుది పెట్టుకుంటే పోలా?” వినటానికి సబబుగానే ఉంటుంది. వంటింట్లో ఇత్తడి బిందె పోయి స్టీలుది వచ్చింది, స్టీలుది పోయి ప్లాస్టిక్కుది వచ్చింది. తేలిక, చవక, చిలుము పట్టదు. అయితే ఇత్తడి బిందెకి చిల్లి పడితే మాటేసే మనిషి వీధిలోకి వచ్చేవాడు. ప్లాస్టిక్ బిందె పగిలితే మాత్రం చెత్తకుప్ప మీద తేలుతుంది. ట్యాంకు విషయంలోనూ తకరారు ఇక్కడే ఉంది.

ముందు ఇనప ట్యాంకు కథ చూద్దాం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టిన నాటి బుల్లెట్టు నుంచి, రాజ్‌దూత్, మైసూరు జావా, యెజ్డీల మీదుగా 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 దాకా, 1994 నాటి స్ప్లెండర్ దాకా అన్నిటికీ ట్యాంకు రేకుదే. ఉక్కు రేకుని అచ్చులో నొక్కి వేరు వేరు ముక్కలుగా తీస్తారు. అంచులు కలిపి వెల్డింగు చేస్తారు. పైన రంగు, మెరుపు, కంపెనీ బొమ్మ ఉంటాయి. లోపల రంగుండదు. పెట్రోలు నిండుగా ఉన్నంతసేపూ రేకుకి గాలి తగలదు కనక తుప్పు దరిచేరదు. బండిని సగం ట్యాంకుతో నెలల తరబడి గొడ్ల చావిట్లో వదిలేస్తే, పగటి వేడికీ రాత్రి చలికీ ఖాళీ భాగంలో గాలి చెమర్చి నీటి చుక్కలు కడతాయి. నీరు పెట్రోలు కన్నా బరువు. దిగి అడుగున కూర్చుంటుంది.

మన బండ్లకి సైడు స్టాండు ఎడమ పక్కన. బండి ఎడమకి ఒరిగి నిలబడుతుంది. అడుగుకి చేరిన నీరంతా ఎడమ మూలకే పారుతుంది. పాత ట్యాంకుకి చిల్లి పడితే ఎక్కువగా ఆ ఎడమ అడుగు మూలనే, అతుకు పక్కనే పడటానికి కారణం ఇదే. మొదట అక్కడ రంగు పొక్కుతుంది. గోటితో గిల్లితే పొక్కు ఊడి, కింద గోధుమరంగు పొడి కనిపిస్తుంది. ఇంకొన్నాళ్ళకి ఆవగింజంత చెమ్మ. సీటు మీద కూర్చుంటే పెట్రోలు వాసన. అప్పటికి గాని యజమాని మేలుకోడు.

దీనికి మనం చేసిన సాయం కూడా ఉంది. ఒకప్పుడు కొత్త బండి కొనగానే రంగు చెడకుండా ట్యాంకుకి రెగ్జిను కవరు తొడిగించటం పెద్ద ముచ్చట. కాగితాలు పెట్టుకోటానికి దానికో జేబు కూడానూ. వానకి తడిసిన ఆ కవరు ఎండటానికి రెండు రోజులు పట్టేది. రంగుని కాపాడదామని తొడిగిన కవరే దాని కింది రేకుని తుప్పుకి తినిపించింది. ట్యాంకు మూత సంగతీ అంతే. మూతలో రబ్బరు వాచరు ఎండి పగులుతుంది, మూత చుట్టూ నీరు దిగిపోయే చిన్న బెజ్జం మట్టితో పూడిపోతుంది. వాన నీరు మూత చుట్టూ నిలిచి మెల్లగా లోపలికి దిగుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీట మునిగిన ఆ రోజుల్లో బండి ట్యాంకులో నీరు చేరిందా అని చూసుకునే తీరిక ఎవరికుంటుంది!

పాత బండిలో ట్యాపు రెండు ఎత్తుల నుంచి పెట్రోలు తీసుకుంటుంది. మామూలుగా కాస్త పై నుంచి, రిజర్వులో పెడితే అట్టడుగు నుంచి. అడుగున నీరూ తుప్పు పొడీ ఉన్నాయనుకోండి, ట్యాపు రిజర్వుకి తిప్పేదాకా బండి బుద్ధిగా నడుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి పొన్నూరు నుంచి వస్తూ రిజర్వుకి తిప్పగానే ఆ పొడి జల్లెడ దాటి కార్బురేటరు జెట్టులో ఇరుక్కుంటుంది. అక్కడ మనిషి పడే తిప్పలు తెలుగునాట తెలియనిదెవరికి? ట్యాంకుని అటూ ఇటూ ఊపి గలగల వింటాడు. బండిని ఒక పక్కకి పడుకోబెట్టినట్టు వంచుతాడు. ట్యాంకు ఫ్రేము మీద గుర్రపు జీనులా కూర్చుంటుంది కదా, ట్యాపు లేని వైపు మిగిలిన పెట్రోలు ఇటు దొర్లటానికి ఆ వంచటం. ఆ తరవాత గొట్టం పీకి నోటితో ఊదుతాడు. ఎలాగో ఇల్లు చేరతాడు.

మర్నాడు షెడ్డులో వైద్యం. సన్న చెమ్మైతే ఒంటి సబ్బు ముక్క గట్టిగా రుద్దితే ఒకటి రెండు రోజులు ఆగుతుంది. పెట్రోలుకి సబ్బు కరగదు మరి. దాని పైమెట్టు ఎం-సీలు. దానికీ లొంగకపోతే ట్యాంకు విప్పాల్సిందే. లోపలి తుప్పు రాలటానికి గుప్పెడు నట్లో, సన్న గులకరాళ్ళో, పాత గొలుసు ముక్కో వేసి, కిరసనాయిలు పోసి, ఇద్దరు కుర్రాళ్ళు చెరోవైపు పట్టుకుని ఊపుతారు. కొందరు సిరకాతోనో, ఫాస్ఫారిక్ ఆమ్లంతోనో నానబెడతారు. చివరికి చిల్లి పడ్డ చోట గ్యాసు వెల్డింగో, ఇత్తడి అతుకో వేస్తారు. పైన లప్పం పెట్టి రంగు కొడితే ట్యాంకు ఇంకో అయిదేళ్ళు లాగిస్తుంది. ఈ పనికి కంపెనీ నుంచి సామాను రానక్కర్లేదు. తెనాలిలో జరుగుతుంది, రేపల్లెలో జరుగుతుంది, చిన్న ఊళ్ళో మంచి చేయి ఉంటే అక్కడా జరుగుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం. పెట్రోలు ఒంపేశాం కదా అని వెల్డింగు మంట తగిలిస్తే లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి బాంబులా పేలుతుంది. తెలిసిన మేస్త్రీ ట్యాంకుని సబ్బు నీళ్ళతో ఒకటికి నాలుగుసార్లు కడిగి, అతుకేసే చోటు దాకా నీళ్ళు నింపి గాని మంట ముట్టించడు. నీళ్ళు పట్టకుండా వెల్డింగు చేస్తానన్న చోట మీ ట్యాంకు ఇవ్వకండి, మీరూ నిలబడకండి.

ఇక ప్లాస్టిక్కు. పెట్రోలు పోసే ప్లాస్టిక్ ట్యాంకు మన రైతుకి తెలియంది కాదు. వీపున తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయరుకి ఉండేది అదే. పాలరంగులో ఉంటుంది, పెట్రోలు ఎంత మిగిలిందో బయటికే కనపడుతుంది, కింద పడినా సొట్ట పడదు, తుప్పు ఊసే లేదు. రెండు మూడేళ్ళ ఎండకి పసుపెక్కి, మూతి దగ్గర సన్నగా చీరుతుంది. చీరాక ఎం-సీలు అంటుకోదు. పాలిథీన్ స్వభావమే అంత. దాని మీద జిగురు నిలవదు. కొత్తది కొనాలి. స్ప్రేయరుకి దొరుకుతుంది కాబట్టి చిక్కు లేదు. ముప్ఫయ్యేళ్ళ నాటి మోటారు సైకిలుకి కంపెనీ ఏనాడూ పోతపోయని ప్లాస్టిక్ ట్యాంకు ఎక్కణ్ణుంచి తెస్తాం? దొరికితే ఎవరో ఫైబరుతో చేసిన నకలే దొరుకుతుంది.

అలాగని ప్లాస్టిక్ ట్యాంకుని తీసిపారేయటం న్యాయం కాదు. 1973 నాటి ఫోక్స్‌వ్యాగన్ పసాట్ కారుతో మొదలుపెట్టి ప్రపంచంలో కార్లు ఆ దారి పట్టాయి. బురదలో, రాళ్ళలో పడిలేచే పందెపు మోటారు సైకిళ్ళకి ఇటలీ అచెర్బిస్ లాంటి కంపెనీలు ప్లాస్టిక్ ట్యాంకులే చేస్తున్నాయి. కిందపడ్డా సొట్ట పడదు, ఇరుకు సందులో ఇమిడేట్టు ఏ ఆకారమైనా పోయవచ్చు. కానీ పాలిథీన్ గోడలోంచి పెట్రోలు ఆవిరి సన్నగా బయటికి ఊరుతూనే ఉంటుంది. అందుకే ఆ ట్యాంకు మీద రంగు నిలవదు, స్టిక్కరు కింద బుడగలు లేస్తాయి. దాన్ని ఆపటానికి లోపల ఫ్లోరిన్ వాయువు పట్టించటమో, పొరలు పొరలుగా పోయటమో చెయ్యాలి. అంతా ఫ్యాక్టరీలో జరగాల్సిన పని. మన దగ్గర కొత్త బండ్లలో చాలావాటికి ట్యాంకు ప్లాస్టిక్కుదే అనుకుంటాం గానీ పైన కనిపించేది తొడుగు మాత్రమే. లోపల రేకు ట్యాంకే ఉంటుంది.

ఫైబరు ట్యాంకు ముచ్చట పడ్డవాళ్ళకి పాఠం ఇంగ్లండు నుంచే వచ్చింది. 1967లో వచ్చిన నార్టన్ కమాండోకి మొదట ఫైబర్‌గ్లాస్ ట్యాంకు పెట్టారు. ప్రమాదంలో చిట్లి నిప్పంటుకుంటుందన్న భయంతో 1970ల్లో అక్కడి నిబంధనలు మారి మళ్ళీ ఉక్కుకే వెళ్ళారు. మిగిలిన ఆ పాత ట్యాంకుల్ని తరవాతి కాలంలో ఇథనాల్ కలిసిన పెట్రోలు లోపలి నుంచి మెత్తబరిచింది. జిగురు కరిగి కార్బురేటర్లో పాకంలా పేరుకుంది. నైలాన్ ట్యాంకు వాడిన డుకాటి బండ్లదీ అదే వరస. అమెరికాలో ఇథనాల్ పెట్రోలు తాగి, చెమ్మ పీల్చి ట్యాంకులు ఉబ్బాయి, బిగింపుల్లో కూర్చోకుండా పోయాయి. కొన్నవాళ్ళు కోర్టుకెక్కితే కంపెనీ రాజీకి వచ్చింది. లక్షలు పోసి కొన్న ఇటలీ బండి ట్యాంకుకే దిక్కులేనప్పుడు, ఫైబరు నకలుకి గ్యారంటీ ఎవరిస్తారు?

అంటే ఇనుముకీ ప్లాస్టిక్కుకీ మధ్య తగువు తీర్చటానికి కూర్చుంటే మూడో మనిషి కనపడుతున్నాడు. ఆయన పేరు ఇథనాల్.

2014లో మన పెట్రోలులో ఇథనాల్ ఒకటిన్నర శాతం. 2022కి 10 శాతం అయింది. 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో 20 శాతం పెట్రోలుకి శ్రీకారం చుట్టారు. 2030కి అనుకున్న ఆ లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నారు. ఇథనాల్ నీటిని వెతుక్కుని మరీ పీలుస్తుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు దాదాపు అర శాతం నీటిని తనలో కలుపుకుని ఉంచుకోగలదు. పది లీటర్ల ట్యాంకులో సుమారు 50 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుకి తక్కువే. ఆ హద్దు దాటితే నీరూ ఇథనాలూ జతకట్టి విడిపోయి అడుగుకి దిగుతాయి. పాత రోజుల్లో ఎడమ మూలన ఉత్త నీరు నిలిచేది. ఇప్పుడు ఆ మూలన నిలిచేది దానికన్నా పదునైన సరుకు. పాత బండిలో రబ్బరు గొట్టాలకీ, వాచర్లకీ, కార్బురేటరు లోపలి భాగాలకీ కూడా ఇది పడదు. 2023 ఏప్రిల్ తరవాత వచ్చిన బండ్లను దీన్ని తట్టుకునే సామానుతో చేస్తున్నారు. దానికి ముందువాటి మాట ఎవరు ఆలోచించాలి?

ఆలోచించారు, కాగితం మీద. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ వేసిన దారిపటంలోనే పాత బండ్ల కోసం 10 శాతం పెట్రోలు కూడా బంకుల్లో అందుబాటులో ఉంచాలని రాశారు. పాత ద్విచక్ర వాహనాలకి మైలేజీ 3, 4 శాతం తగ్గవచ్చని కూడా అందులోనే ఉంది. ఆచరణకి వచ్చేసరికి రెండో గొట్టం కనపడలేదు. ఇథనాల్ లేని పెట్రోలు కావాలని వేసిన పిటిషన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం చెప్పేదీ వినాలి: చమురు దిగుమతి బిల్లు తగ్గుతుంది, రైతుకి గిరాకీ పెరుగుతుంది, పాత బండిలో 20, 30 వేల కిలోమీటర్ల తరవాత కొన్ని రబ్బరు భాగాలు మారిస్తే చాలు, వాటి ఖర్చూ కొద్దిపాటిదే అని.

అందులో రైతు మాట మన మాగాణులకి బాగానే తగులుతుంది. మినుముని పల్లాకు తెగులు పీడించాక, వరి కోసిన చేలో దున్నకుండానే మొక్కజొన్న గింజలు గుచ్చి పండించటం తెనాలి, పొన్నూరు, బాపట్ల ప్రాంతాల రైతుకి అలవాటైంది. ఇవాళ దేశంలో ఇథనాల్‌కి చెరకుని మించిన ముడిసరుకు మొక్కజొన్న. భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యం కూడా ఆ దారి పడుతోంది. అంటే ఏ పొలానికైతే ఈ పాత బండి ఎరువు కట్టలు మోసిందో, ఆ పొలం గింజే ఆవిరై, ద్రవమై, తిరిగొచ్చి దాని ట్యాంకులో చేరుతోంది. పంటకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తే ఎవరు కాదంటారు? ట్యాంకుకి మాటు ఖర్చు కూడా ఆ రైతు జేబులోంచే పోతుందని మాత్రం లెక్కలో రాసుకోవాలి.

పాత బండ్ల కోసం బంకులో రెండో గొట్టం అసాధ్యమైన కోరికేం కాదు. బ్రిటన్ 2021 సెప్టెంబరులో 10 శాతం పెట్రోలుని మామూలు పెట్రోలుగా చేసినప్పుడు, పాత బండ్ల కోసం 5 శాతానిది ఖరీదైన రకంగా అయినా అట్టేపెట్టింది. బ్రెజిల్ 30 శాతం దాకా వెళ్ళింది నిజమే. కానీ అక్కడ ఇథనాల్‌కి దశాబ్దాల చరిత్ర ఉంది. 2003 నుంచి ఏ పాళ్ళలో పోసినా నడిచే కార్లూ, 2009 నుంచి అలాంటి హోండా మోటారు సైకిలూ అమ్మారు. బండ్లు మారుతూ ఉండగా పెట్రోలు మారింది. మనం పెట్రోలు ముందు మార్చి, బండి సంగతి బండి యజమానికి వదిలేశాం. దానికి తోడు 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను రెన్యువల్‌కి 2,000 రూపాయలు కట్టాలి. “కొత్తది కొనుక్కోరాదూ” అని చెప్పకుండానే చెబుతున్నట్టుంది. కౌలుకి రెండెకరాలు చేసే మనిషికి కొత్త బండి అంటే ఒక పంట మొత్తం.

పాత ఇనుముని చులకన చేయకూడదని తెనాలికి ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర బండ్ల గొలుసులు, గేరు చక్రాలు, నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలే నిలబెడుతున్నారు. 2021లో వారు తుక్కు ఇనుముతో చేసిన 14 అడుగుల ప్రధాని విగ్రహం దేశమంతా వార్తైంది. రేకు ట్యాంకు చివరికి చిల్లులు పడి ఏ అతుకుకీ లొంగకపోయినా పాతసామాన్ల కొట్లో తూకానికి నాలుగు డబ్బులు తెస్తుంది, కరిగి మళ్ళీ రేకవుతుంది. పెట్రోలు తాగి ఉబ్బిన ప్లాస్టిక్ డబ్బాని ఆ కొట్టువాడు కూడా వద్దంటాడు. అది చేరేది మురుగు కాలవకే.

కాబట్టి పాత బండికి ఇనప ట్యాంకే మేలు. ప్లాస్టిక్కు చెడ్డదని కాదు; దాని కోసం పుట్టిన బండికి అది బాగానే ఉంటుంది. చెడిపోయినప్పుడు మన ఊళ్ళోనే, మన కళ్ళముందే బాగుపడగలగటం పాత బండికి ఉన్న ఒకే ఒక్క బలం. ఫైబరు డబ్బా తగిలించి ఆ బలాన్ని పోగొట్టుకోవద్దు. బండి ఎక్కువ రోజులు కదలదనుకుంటే ట్యాంకు నిండా పోయించండి, లేదా పూర్తిగా ఒంపి ఆరబెట్టండి. సగం ట్యాంకుతో మాత్రం వదలకండి. వానాకాలానికి ముందు మూత రబ్బరు మార్పించండి. ఏడాదికోసారి ట్యాపు విప్పించి అడుగు నీరు తీయించండి. పెట్రోలు గొట్టం మధ్యలో చిన్న ఫిల్టరు వేయించండి. రెగ్జిను కవరు ఇంకా ఉంటే ఇవాళే తీసేయండి.

మిగిలింది చమురు కంపెనీలు చెయ్యాల్సిన పని. తెనాలి, బాపట్ల, రేపల్లె, పొన్నూరుల్లో ఊరికొక బంకులోనైనా 10 శాతం పెట్రోలుకి ఒక గొట్టం కేటాయించాలి. ప్రతి బంకులోనూ తాము పోసేది ఎంత శాతమో తెలుగులో, కనపడేటంత అక్షరాలతో బోర్డు కట్టాలి. 2021లో నీతి ఆయోగ్ సిఫారసు చేసిన దాన్ని అమలు చెయ్యమనే అడుగుతున్నాం. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు ఈ మాటని చమురు మంత్రిత్వశాఖ దాకా మోసుకెళ్ళాలి.